కుడివైపు ఖాళీ

మాస్టారి భార్య పోయిన రోజు బాల్కనీలో చెట్లకి ఎవరూ నీళ్ళు పోయలేదు. పోయాలని ఎవరికీ తట్టలేదు. ఇంటినిండా మనుషులు. కుర్చీలు చాలక పక్కింటి నుంచి తెచ్చారు. వంటింట్లో ఎవరెవరో టీ కాచి, చక్కెర డబ్బా ఎక్కడుందని ఒకరినొకరు గుసగుసగా అడుగుతున్నారు. మాస్టారు ఎవరు ఏం చెప్పినా తలూపుతూ, ఎక్కడ కూర్చోమంటే అక్కడ కూర్చున్నారు. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. బాల్కనీ తలుపు పొద్దున్నుంచీ మూసే ఉంది.

ఆ బాల్కనీలో ఆవిడ కుండీలో పెంచిన జూనిపర్ చెట్టుతో ఉన్న చిక్కేమిటంటే, అది ప్రాణం పోతే వెంటనే చెప్పదు. మిగతా మొక్కలైతే ఆకులు వాల్చేసి గోల పెడతాయి. జూనిపర్ కొమ్మ చచ్చాక కూడా కొన్ని వారాలపాటు పచ్చగానే ఉండి, చూసేవాళ్ళని నమ్మిస్తుంది. అందుకే మాస్టారుకి ఆ సంగతి ఆలస్యంగా తెలిసింది. వచ్చినవాళ్ళందరూ వెళ్ళిపోయారు. బడి తెరిచారు. ఆయన మళ్ళీ పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. అప్పుడొక ఉదయం చూస్తే, కుడివైపు కింది కొమ్మ తుప్పు రంగులోకి తిరిగి ఉంది. వేలితో ముట్టుకుంటే ఆకు పొడిపొడిగా రాలింది. ఆ రోజు ఎండకి కుండీ ఒక పక్క కాలిపోయి, ఆ పక్క వేళ్ళు మాడి, వాటి మీద బతికే కొమ్మ ఒక్కటే పోయింది. తక్కిన చెట్టంతా నిక్షేపంలా ఉంది.

పోయింది కూడా ఏదో ఒక కొమ్మ కాదు. చెట్టు మొత్తం కుడివైపుకి వాలి ఉంటుంది. ఆ వాలుకి తగ్గట్టు ఆ కొమ్మ పొడుగ్గా, ఎవరినో పిలుస్తున్నట్టు ముందుకి చాచి ఉండేది. ఇంటికి ఎవరొచ్చినా ఆవిడ ముందు ఆ కొమ్మనే చూపించేది.

గుప్పెడంత మొక్కగా ఉన్నప్పుడు తెచ్చి పెంచిన చెట్టు అది. ఇలా కుండీల్లో మరుగుజ్జు చెట్లు, అంటే బోన్సాయ్, పెంచేవాళ్ళకి ఆ ఊళ్ళో ఒక సంఘం ఉంది. వాళ్ళు ఏటా రెండు రోజులు ప్రదర్శన పెడతారు. దానికి ఆవిడ చిన్నాచితకా చెట్లు తీసుకెళ్ళేది గానీ, జూనిపర్‌ని మాత్రం గడప దాటనిచ్చేది కాదు. "అది ఇంకా పిల్లది" అనేది. కిందటి చలికాలంలో ఒకరోజు దాని చుట్టూ చాలాసేపు తిరిగి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ లోపలికొచ్చి, "ఈసారి దీన్ని తీసుకెళ్దామండీ" అంది. ఆ తర్వాత చెట్టు గురించి మాట్లాడుకునే తీరిక ఇద్దరికీ దొరకలేదు.

సంఘంలో ప్రదర్శన ఏర్పాట్లన్నీ చూసేది పళ్ళ డాక్టరమ్మ. ఆవిడే ఫోన్ చేశారు.

"మాస్టారూ, మీ ఆవిడకిచ్చిన చోటు అలాగే ఉంచాను. చెట్టు తెస్తారా?"

 ఆ మధ్య కనిపించినవాళ్ళందరూ ఆయన్ని "ఎలా ఉన్నారు?" అని అడుగుతున్నారు. ఏం చెప్పాలో తెలియక ఆయన "బాగానే" అంటున్నారు. అవునో కాదో చెబితే సరిపోయే ప్రశ్న అడిగిన మనిషి ఈవిడే.

"తెస్తాను" అన్నారు.

ఫోన్ పెట్టేశాక ఆయనకి రెండు పట్టుదలలు వచ్చాయి. ఆ హాల్లోకి వచ్చిన ప్రతి మనిషికీ అది ఎవరు పెంచిన చెట్టో తెలియాలి. ఎండిన కొమ్మ మాత్రం ఏ ఒక్కరి కంటా పడకూడదు. పడితే, పెంచినావిడ సరిగ్గా చూసుకోలేదు కాబోలు అనుకుంటారు. ఆ మాట ఆవిడ మీద పడటానికి వీల్లేదు.

ప్రదర్శన ముందు రోజు మధ్యాహ్నం మరదలు కారు తెచ్చింది. ఆవిడకి ఒక్కతే చెల్లెలు. చెట్టుని ఒళ్ళో పెట్టుకుని మాస్టారు ముందు సీట్లో కూర్చున్నారు.

"బావగారూ, సీటు బెల్టు మీరు పెట్టుకున్నారా, చెట్టుకి పెట్టారా?"

"ఇద్దరికీ కలిపి పెట్టాను."

"సరే. గతుకులొస్తే మీరు తల కొట్టుకున్నా ఫరవాలేదు, దాన్ని మాత్రం గట్టిగా పట్టుకోండి. అక్క చూస్తే నన్ను చంపేస్తుంది" అని మరదలు బండి వేగం తగ్గించింది.

హాలు పొడుగ్గా ఉంది. గోడ వెంబడి చెక్క పలకలు అడ్డంపెట్టి, ఒక్కో చెట్టుకి ఒక్కో అరలాంటిది చేశారు. వెనక లేత బూడిద రంగు గుడ్డ, ముందు ఒక బల్ల. ఆవిడకిచ్చిన అర కిటికీ పక్కన ఉంది. మాస్టారు బల్ల మీద ఇంటి నుంచి తెచ్చిన బల్లగుడ్డ పరిచారు. అంచుల్లో ఆవిడ కుట్టిన నీలం పువ్వులున్న గుడ్డ. సరిగ్గా మధ్యన చెట్టుని పెట్టారు. ఎడంపక్క ఆవిడ కత్తెరలు, పొడుగు మూతి నీళ్ళ డబ్బా, ఒక ఏడాది చిన్న చెట్టుకి బహుమతిగా వచ్చిన కప్పు, ఎండకి పెట్టుకునే టోపీ సర్దారు. కుడిపక్క ఫ్రేము కట్టించిన ఫోటో. కింద ఆవిడ పేరు. ఫోటోని అటూ ఇటూ జరిపి జరిపి, ఎండిన కొమ్మ పూర్తిగా దాని వెనక్కి పోయేలా నిలబెట్టారు.

మరదలు నడుం మీద చెయ్యి వేసుకుని చూసింది.

"బావగారూ, ఇది చెట్ల ప్రదర్శనా, మనం ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

"అన్నీ మీ అక్కవే."

"తెలుసు. ఆ టోపీ నేనే కొనిచ్చాను. ఒక్కరోజు పెట్టుకుంటే ఒట్టు."

పిల్లలు వ్యాసం రాసి తెస్తే మాస్టారు ఎర్ర పెన్నుతో ముందు కొట్టేసేది అక్కర్లేని వాక్యాలనే. ఆయన మాట్లాడితే ఒక్క మాట ఎక్కువ ఉండదని బడిలో అందరూ అంటారు. అలాంటి మనిషి ఆ బల్ల మీద ఒక అంగుళం కూడా మిగల్చలేదు.

అంతలో పళ్ళ డాక్టరమ్మ, వెనకే ఇస్త్రీపెట్టె పట్టుకుని ఆవిడ భర్త వచ్చారు. బ్యాంకులో పనిచేసే ఆయన్ని సంఘంలో అందరూ ఇస్త్రీగారనే పిలుస్తారు. చెట్ల వెనక గుడ్డ మీద చిన్న ముడత ఉన్నా చూసేవాళ్ళ కన్ను దాని మీదికే పోతుందని, ప్రతి ప్రదర్శనకీ గుడ్డలన్నీ ఆయనచేతే ఇస్త్రీ చేయిస్తారు డాక్టరమ్మ.

"ఏమండీ, అక్కడ ముడత."

"ముడత కాదు డాక్టరుగారూ, నీడ."

"అయితే నీడకీ ఒకసారి ఇస్త్రీ చెయ్యండి. పోతుందేమో చూద్దాం."

ఆయన గొణుక్కుంటూ గుడ్డ దగ్గరికి వెళ్ళారు. అలా ఒకరినొకరు దెప్పుకునే మాటలు విని చాలా రోజులైంది మాస్టారుకి. బాధగానే ఉంది గానీ, ఆగిపోతే బాగుండునని మాత్రం అనిపించలేదు.

డాక్టరమ్మ అర ముందు నిలబడి అన్నీ చూశారు. ఫోటో దగ్గర కాసేపు ఆగారు. తర్వాత మెల్లిగా చెప్పారు.

"మాస్టారూ, ఇక్కడ ఎవరి చెట్టు పక్కనా మనిషి పేరుండదు. చెట్టు పేరూ, వయసూ. అంతే. నా చెట్టుకీ అంతే."

"మీరు వచ్చే ఏడు మళ్ళీ తెస్తారు కదా" అన్నారు మాస్టారు.

గొంతు పెంచలేదు. తరగతిలో అల్లరి మితిమీరినప్పుడు ఆయన వాడే గొంతు అది. దానికే పిల్లలు గప్‌చుప్ అవుతారు. ఇస్త్రీగారు పెట్టె పక్కన పెట్టేశారు. మరదలు కిటికీలోంచి బయటికి చూసింది.

డాక్టరమ్మ అయ్యో అనలేదు. ఓదార్చలేదు. "నిజమే" అన్నారు. "ఒక పని చేద్దాం. ముందు చెట్టుని నిలబెడదాం. నిలబెట్టాక కూడా పేరు కావాలని మీకనిపిస్తే, నేనే నా చేత్తో రాసి పెడతాను. సంఘంవాళ్ళకి నేను చెప్పుకుంటాను. సరేనా?"

మాస్టారు తలూపారు.

ముందు టోపీ తీశారు. మరదలు దాన్ని అందుకుని ఎక్కడ పెట్టాలో తెలియక తన తల మీదే పెట్టుకుంది. తర్వాత కప్పు, నీళ్ళ డబ్బా, కత్తెరలు. బల్లగుడ్డ అంచు పట్టుకుని డాక్టరమ్మ ఆ నీలం పువ్వుల మీద వేలు పోనిచ్చారు.

"ఎంత బాగా కుట్టారో! చెట్టు కంటే ఇదే ముందు కనిపిస్తోంది. అదే ఇబ్బంది."

చెట్టుని ఎత్తి పట్టుకుంటే మరదలు గుడ్డ లాగి, నాలుగు మడతలు పెట్టింది. ఇక ఫోటో ఒక్కటే మిగిలింది. డాక్టరమ్మ దాని మీద చెయ్యి వెయ్యలేదు.

"అది మీరే తియ్యండి."

మాస్టారు తీశారు. వెనక ఉన్న కొమ్మ, తుప్పు రంగు ఆకులతో సహా అందరికీ కనిపించింది. ముందు ఆయనే అన్నారు.

"ఆ రోజు నీళ్ళు పొయ్యలేదు."

"ఏ రోజు?" అని అడిగాక డాక్టరమ్మకి అర్థమైంది. "ఆ రోజు ఎవరు పోస్తారు మాస్టారూ" అన్నారు.

ఆ మాట కోసం ఆయన ఇన్నాళ్ళూ ఎదురుచూస్తున్నట్టు ఆయనకే తెలియదు.  మరదలు వచ్చి ఫోటో తీసుకుని, మడతపెట్టిన బల్లగుడ్డలో చుట్టి సంచిలో పెట్టింది.

"కొట్టేద్దామా?" అని అడిగారాయన, కొమ్మని చూస్తూ.

డాక్టరమ్మ వంగి, నోరు తెరవమని చెప్పిన రోగిని చూసినట్టు చెట్టు లోపలికి చూశారు. "నా దగ్గరికొచ్చేవాళ్ళ నోట్లో పన్ను లేని చోటు కనిపిస్తే, దాన్ని పూడ్చేదాకా నాకు తోచదు. పొద్దస్తమానం అదే పని నాకు. ఇక్కడికొచ్చేది ఖాళీని ఖాళీగా వదిలెయ్యడానికి."

"ఇంట్లో నా మాటల మధ్య ఖాళీ దొరికితే మాత్రం వదలదు" అన్నారు ఇస్త్రీగారు.

"మీరు ఖాళీ ఇస్తే కదా. మాస్టారూ, కొండల మీద జూనిపర్లు చూశారా? పిడుగు పడో, మంచుకి విరిగో సగం కొమ్మలు ఎముకల్లా తెల్లగా ఉంటాయి. పక్కనే పచ్చ కొమ్మలు. కొట్టెయ్యక్కర్లేదు. ఆకులూ బెరడూ తీసేసి, కట్టెని అలాగే ఉంచుదాం. అసలు మీరు ఫోటో అడ్డం పెట్టకపోతే నేను దీన్ని ఇంత పట్టించుకునేదాన్నే కాదు. దాచారు కాబట్టి ఏముందా అని చూశాను."

మాస్టారు తెచ్చిన సంచిలో ఆవిడ వాడిన పట్టకారు ఉంది. డాక్టరమ్మ దాన్ని తీసి మాస్టారు చేతికే ఇచ్చారు. ఎక్కడ నొక్కాలో, ఎటు లాగాలో చూపించారు. కొమ్మ మొదట్లో, బతికున్న బెరడు మొదలయ్యే చోట ముందు చుట్టూ గాటు పెట్టించారు. ఆ గాటు దాటి లోపలికి రావద్దన్నారు. మాస్టారు చిన్న చిన్న కొమ్మలు తుంచి, బెరడు పట్టుకుని మెల్లిగా లాగారు. అది నారలా పొడుగ్గా ఊడి వచ్చింది. కింద లేత పసుపు రంగు కట్టె. ఆవిడ చేతులకి ఎప్పుడూ ఉండే వాసన అక్కడంతా పరుచుకుంది. మాస్టారు కాసేపు ఆగి, మళ్ళీ లాగారు.

అంతా అయ్యాక డాక్టరమ్మ తన సంచిలోంచి కొత్త టూత్‌బ్రష్ తీసి ఇచ్చారు. "మెత్తగా. గుండ్రంగా. అడ్డంగా తోమకండి."

"పెళ్ళిచూపుల్లో నాతో మాట్లాడిన మొదటి మాట కూడా అదే" అన్నారు ఇస్త్రీగారు.

మాస్టారుకి నవ్వొచ్చింది. పైకే నవ్వారు. టోపీ కింద మరదలు కళ్ళు తుడుచుకుంటూ తనూ నవ్వింది.

తర్వాత బల్ల ఎత్తు దగ్గర పేచీ మొదలైంది. చూసేవాళ్ళ కళ్ళు చెట్టు నడిమికి సూటిగా ఉండాలి. పైనుంచి చూస్తే కుండీలో మొక్కలా ఉంటుంది, కిందనుంచి చూస్తే కుండీ అడుగు కనిపిస్తుంది. కళ్ళకి ఎదురుగా ఉంటేనే పెద్ద చెట్టుని దూరం నుంచి చూస్తున్నట్టుంటుంది. అంతవరకూ భార్యాభర్తలిద్దరిదీ ఒకటే మాట. ఎవరి కళ్ళకి అన్న దగ్గరే తేడా.

"మీ ఎత్తుకి పెడితే చూడటానికి ఒంటెలే రావాలి" అన్నారు డాక్టరమ్మ.

"నీ ఎత్తుకి పెడితే పిల్లలే రావాలి."

చివరికి మరదలిని నిలబెట్టి, ఆమె కళ్ళకి సరిపోయేలా బల్ల కాళ్ళ కింద చెక్కలు పెట్టారు. చెట్టుకి ముఖం ఎటో చూడాల్సి వచ్చింది. ప్రతి చెట్టుకీ ఒక ముఖం ఉంటుంది. మొదలు బాగా కనిపించి, పైకొమ్మ కొద్దిగా చూసేవాళ్ళ వైపు వంగి పలకరించినట్టుండే పక్క అది. డాక్టరమ్మ కుండీని కొద్దికొద్దిగా తిప్పుతుంటే మాస్టారు ఎదురుగా నిలబడి చూశారు. ఒక చోట ఆయన "ఆగండి" అన్నారు. ఆవిడ చలికాలంలో చెట్టు చుట్టూ తిరిగి తిరిగి నిలబడిపోయిన వైపు అదే.

"మధ్యన ఉంటేనే బాగుంటుంది కదా?" అంది మరదలు, డాక్టరమ్మ చెట్టుని ఎడమకి జరుపుతుంటే.

"అది వాలింది కుడివైపుకి. అటే చోటివ్వాలి. మధ్యలో పెడితే గోడకి ముఖం పెట్టి కూర్చున్నట్టుంటుంది."

చెట్టు ఎడమకి జరిగింది. కుడివైపు బల్లంతా ఖాళీ. ఆ ఖాళీలోకి ఎండిన కొమ్మ ఒక్కటే చాచి ఉంది. మరదలు ఊరుకోలేక, ఎవరో తెచ్చిన గరిక కుండీ చిన్నది తెచ్చి అక్కడ పెట్టింది. బాగానే ఉంది. డాక్టరమ్మ కూడా బాగానే ఉందన్నారు. అందరూ చూశారు.

"వద్దు. తీసెయ్యండి" అన్నారు మాస్టారు.

తీశారు. ఆయన నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. ఇంట్లో ఆ చెట్టుని ఎప్పుడూ పత్రిక అంచు మీంచి, టీ తాగుతూ, అటు పోతూ ఇటు వస్తూ చూడటమే. దాని వెనక బట్టల తీగ, దాని పక్కన బకెట్టు ఉండేవి. చుట్టూ ఏమీ లేకుండా దాన్ని చూడటం ఆయనకి ఇదే మొదలు. నిలువుగా పోవాల్సిన మొదలు ఎక్కడ వంగిందో, ఎందుకు వంగిందో కనిపించింది. పైకి పోతున్న కొమ్మని ఆవిడ ఏళ్ళ తరబడి గిల్లి గిల్లి పక్కకి ఎలా దారి పట్టించిందో కనిపించింది. ఆకులు గుబురుగా ఉన్న చోట్ల మధ్య, గాలి ఆడటానికి ఆవిడ వదిలిన సందులు కనిపించాయి. ఆ చెట్టులో ఆవిడ చెయ్యి పడని చోటు లేదు. ఆ ఒక్క కొమ్మ మీదే ఆయన చెయ్యి పడింది.

డాక్టరమ్మ చిన్న అట్టముక్క, పెన్ను పట్టుకుని వచ్చారు. "పేరు రాయమంటారా?"

"చెట్టు పేరు రాయండి. చాలు."

డాక్టరమ్మ రాసి బల్ల అంచున పెట్టారు. మాస్టారు ఆ భార్యాభర్తలిద్దరికీ ఏదో చెప్పాలనుకున్నారు. 

"మీరిద్దరూ ఇవాళ…" అని మొదలుపెట్టారు.

"మాస్టారూ, ఆ బల్ల అటు చివర పట్టుకుంటారా? అవతలివాళ్ళకి ఇంకా వెయ్యనే లేదు" అన్నారు ఇస్త్రీగారు.

మాస్టారు వెళ్ళి పట్టుకున్నారు. ఆ బల్ల అయ్యాక ఇంకొకటి. చీకటి పడేదాకా బల్లలు మోశారు, చెక్కలు పెట్టారు, ఎవరెవరి చెట్ల ముందో నిలబడి "కొంచెం ఎడమకి" అన్నారు. చాలా రోజుల తర్వాత ఆయనకి ఎవరో పని చెప్పారు. థాంక్స్ చెప్పనివ్వకుండా పని చెప్పినందుకు ఆయన ఆ మనిషికి ఇంకా ఎక్కువ రుణపడ్డాననుకున్నారు.

మర్నాడు జనం బాగానే వచ్చారు. మాస్టారు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని, తన చెట్టు కాదన్నట్టు కూర్చున్నారు. ఒక జంట వచ్చి నిలబడింది. భార్య చెట్టు ఎటు వాలిందో అటే తల వాల్చి చూసింది.

"ఆ కొమ్మ ఎండిపోయినట్టుంది" అన్నాడు భర్త.

"ఎండిపోలేదు. అలా చేశారు. చూడు, ఎంత శుభ్రంగా ఉందో. దీని ముందు ఎన్నేళ్ళు కూర్చున్నారో పాపం, ఆ పెంచినవాళ్ళు."

"మన దగ్గర బ్రహ్మజెముడు కూడా బతకలేదు."

"మన దగ్గర కాదు. నీ దగ్గర."

వాళ్ళు నవ్వుకుంటూ తర్వాతి చెట్టు దగ్గరికి వెళ్ళారు. తప్పు వింటే దిద్దకుండా ఉండలేని మనిషి మాస్టారు. దాన్ని మాత్రం దిద్దలేదు. కొమ్మ సంగతి ఆ చూడవచ్చినామె పొరపడితే పడనీ, కూర్చున్న సంగతి ఆమెకి తెలిసింది. ముక్కూ మొహం తెలియని ఆ మనిషి వీపు వైపు చూసి ఆయన మనసులోనే దణ్ణం పెట్టుకున్నారు.

రెండో రోజు సాయంత్రం చెట్టుని మళ్ళీ కారెక్కిస్తుంటే డాక్టరమ్మ వచ్చారు.

"ఇంట్లో మిగతా చెట్ల కొమ్మలకి రాగి తీగలు చుట్టి ఉన్నాయా మాస్టారూ?"

"ఉన్నాయి. వంపు తిరగడానికని తనే చుట్టింది."

"అయితే ఇక తీసెయ్యాలి. కొమ్మ లావెక్కితే తీగ బెరడులోకి దిగిపోతుంది. విప్పకండి, లాగకండి. ఒక్కో చుట్టూ కత్తిరించి తియ్యాలి. ఆదివారం మేమిద్దరం వస్తాం."

ఆదివారం వచ్చారు. ఇస్త్రీగారు తీగలు కత్తిరించే కట్టర్ కూడా తెచ్చారు. మాస్టారు టీ పెట్టారు. బాల్కనీలోకి వెళ్ళి ముగ్గురూ చెట్లన్నీ చూశారు. ఒక కొమ్మ మీద తీగ ఎంత వరసగా, ఎంత సమంగా చుట్టి ఉందో డాక్టరమ్మ వేలితో చూపించారు. మాస్టారు చూశారు. కట్టర్ చేతిలోకి తీసుకున్నారు. కాసేపటికి దాన్ని బల్ల మీద పెట్టి, ఇవాళ కుండీలు కడుగుదామా అని అడిగారు.  డాక్టరమ్మ చేతులు పైకి మడుచుకుని పీట లాక్కున్నారు. ముగ్గురూ కలిసి కుండీలన్నీ తళతళలాడేలా కడిగారు. మళ్ళీ వస్తామని చెప్పి వెళ్ళారు, మళ్ళీ వచ్చారు కూడా. కట్టర్ మాస్టారు ఇంట్లోనే ఉంచి వెళ్ళారు.

వానలు మొదలయ్యాయి. కొమ్మలు లావెక్కుతున్నాయి. ఆవిడ చుట్టిన తీగలు కత్తిరించాలి. మాస్టారు ఇంకా కత్తిరించలేదు.